సలోమి పేరు రాసిన డబ్బా

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ అది పైకి వస్తుంది. వెంటనే నేను వేరేవాళ్ల కోసం ప్రార్థించడం మొదలుపెడతాను. మంచాన పడ్డవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, వానలు, దేశాన్ని ఏలేవాళ్లు, ఇలా ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోయి చివరికి ఆమేన్ అనేస్తాను. నా సంగతి మిగిలిపోతుంది. విజ్ఞాపన ప్రార్థనలో బలమైన మనిషి అని సంఘంలో నాకు పేరు. ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో నాకూ దేవుడికీ మాత్రమే తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా మరదలికి క్షయ వచ్చింది. పరీక్షకు ఇమ్మని ఆమె తన కళ్లె నా చేతికిచ్చింది. నేను దాన్ని పారేసి, ఇంకో డబ్బాలో నా ఉమ్ము ఊసి, ఆమె పేరు రాసి ఇచ్చాను.

రాసేశాను. ఇంతకంటే పెద్దది లేదు, కానీ ఇంతటితో అయిపోదు. ఎందుకు చేశానో కూడా చెప్పాలి. అది చెప్పడమే కష్టం, ఎందుకంటే చేసినప్పుడు అది నాకు పాపంలా అనిపించలేదు. విశ్వాసంలా అనిపించింది.

మరదలు అంటే మా తమ్ముడి భార్య. సలోమి అని రాస్తాను, అది ఆమె పేరు కాదు. నా పేరు పెట్టడం లేదు. పెడితే ఆమె ఎవరో నలుగురికీ తెలిసిపోతుంది. మాది తిరుత్తణి. తమ్ముడు బస్టాండు దగ్గర ఒక హోటల్లో వంట చేస్తాడు. సలోమి తెల్లారకముందే రైలెక్కి తిరువళ్ళూరు పక్కన ఒక ఫ్యాక్టరీకి పనికి పోయేది. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను, ఆదివారం మా తెలుగు సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. మా సంఘంలో పాట ఎత్తుకునేది సలోమే. ఆమెకు తెలుగు చదవడం రాదు. మా పాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. చరణం చివర ఒక్క ఊపిరిలో సాగదీసేది, మేమందరం ఊపిరి తీసుకుని మళ్లీ అందుకునేవాళ్లం. అంత ఊపిరి ఉండేది ఆమెకు.

దగ్గు మొదలైనప్పుడు ఫ్యాక్టరీ దగ్గరి ఒక క్లినిక్కులో ఎక్స్‌రే తీసి, క్షయ అని చెప్పి మాత్రలిచ్చారు. రెండు నెలలు మింగింది. బరువు తగ్గడం ఆగలేదు. అప్పుడు మా ఊరి ప్రభుత్వాస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, మొదట్లో చేయాల్సిన పరీక్ష ఒకటి చేయలేదు, ఈమె ఒంట్లో ఉన్న క్రిమి ఈ మందుకు లొంగే రకమో కాదో తెలియాలి అన్నారు. పొద్దున లేవగానే లోపలినుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి. మా పక్క ఆస్పత్రుల్లో దాన్ని సళి అంటారు. మూతలున్న చిన్న డబ్బాలు రెండిచ్చారు, ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని. సలోమికి పని మానుకునే వీలు లేదు. కాబట్టి డబ్బా నేను తెచ్చిస్తానని చెప్పి, ఫోను నంబరు నాదే రాయించాను.

ఇప్పుడు సంఘం సంగతి చెప్పాలి. సలోమి కోసం ఇరవయ్యొక్క రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాం. గొలుసు ప్రార్థన అంటాం. ఒక్కో కుటుంబం ఒక్కో గంట తీసుకుంటుంది, గొలుసు తెగకూడదు. దాన్ని నడిపింది నేను. ముగింపుకు వచ్చిన ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, ప్రభువు నాకు చూపించాడు, సలోమి స్వస్థపడింది అని చెప్పాను. చూపించాడా? ప్రార్థనలో నాకు ఒక వెలుగు, ఒక నెమ్మది కలిగిన మాట నిజం. దానికి స్వస్థత అని పేరు పెట్టింది ఎవరు? అందరూ ఏడ్చారు. మా తమ్ముడు ఏడ్చాడు. వచ్చే ఆదివారం సలోమి సాక్ష్యం చెబుతుందని మా పాస్టరు అయ్యగారు ప్రకటించారు.

ఆ మధ్య వారంలోనే డబ్బా ఇవ్వాల్సిన రోజు వచ్చింది. ఆడికృత్తికకు, అంటే మా కొండ గుడి పెద్ద తిరునాళ్లకు, ముందు రోజు. ఊరంతా పసుపు బట్టలు, కావళ్లు, మేళాలు. సలోమి డబ్బాను కాగితంలో చుట్టి నా చేతికిచ్చి రైలుకు వెళ్లిపోయింది. ఆ జనంలో నడుస్తూ నేను, పాపం వీళ్లకు సత్యం తెలియదు కదా అనుకున్నాను. ఆ మాట నాకు బాగా జ్ఞాపకం ఉంది. అలా అనుకుంటూనే ఆస్పత్రి వెనక కొళాయి దగ్గరికి పోయి కాగితం విప్పాను.

ఎందుకు విప్పాను? మూత సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి అని ఏడేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చూడాలనిపించి విప్పాను. చిక్కటి కళ్లె, అందులో దారంలాగా ఒక ఎర్ర గీత.

ఆ గీత చూసినప్పుడు నాకు సలోమి గుర్తు రావాలి. ఆమె పిల్ల గుర్తు రావాలి. నాకు గుర్తొచ్చింది ఆదివారం. లేచి నిలబడి నేను చెప్పిన మాట. ఇది లోపలికి పోతే జబ్బు ఉందని వస్తుంది, దేవుడి మాట అబద్ధమని సంఘం అనుకుంటుంది, చిన్నవాళ్ల విశ్వాసం చెదురుతుంది, నేను దేవుడి పరువు కాపాడాలి. ఇలాగే అనుకున్నాను. దేవుడి పరువు! ఆయన పరువును కాపాడమని ఆయన ఎవరిని అడిగాడు?

రెండో డబ్బా సంచిలో ఉంది. అందులో ఉమ్మేశాను. కొంచెం దగ్గి కూడా చూశాను, ఏమీ రాలేదు, నా ఊపిరితిత్తులు బాగున్నాయి. తమిళంలో సలోమి పేరు రాశాను. ఆమె డబ్బాను కవరులో ముడివేసి, చెత్త కాల్చే గుంటలో పడేశాను. తర్వాత చేతులు కడుక్కున్నాను.

ల్యాబులో ఉన్న అమ్మాయిని గౌరి అంటాను. అత్తిమంజేరిపేట వైపు రైతుల బిడ్డ. నుదుట విభూతి. ఇంట్లోవాళ్లందరూ కొండకు కావడి ఎత్తుతుంటే తాను పనికి వచ్చింది. డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"అక్కా, ఇది ఎచ్చిలి మాదిరి ఉండాది. సళి గాదే" అంది. ఎచ్చిలి అంటే ఉమ్ము.

"దగ్గు తగ్గిపోయింది మ్మా. ఇంతే వచ్చినాది."

"పొద్దన లేస్తానే నోరు పుక్కిలించి, లోపల్నించి దగ్గి తీసిందేనా?"

"ఔను."

"మీరు జూసినారా?"

"చూసినాను."

గౌరి నవ్వింది. "ఈ మిషను మా ఇంటాయన మాదిరి అక్కా. వడ్డించిందే తింటాది, ఎవురింటి కూడని అడగదు. తిన్నదాన్ని గురించి మాత్రం నిజమే చెప్తాది. ఎల్లుండి ఇంకొకటి తెచ్చీయండి, ఇది వద్దు."

"ఉన్నది పెట్టు మ్మా, నీకు పుణ్యముంటాది" అన్నాను. పుణ్యం అనే మాట నా నోట వచ్చింది.

"పెడతా, పెట్టేదానికేమి. నేను జూసింది మాత్రం నేను రాసిపెట్టుకుంటా." పెద్ద రిజిస్టరులో ఏదో రాసుకుంది. రెండు గంటల తర్వాత కాగితం వచ్చింది. క్రిమి కనబడలేదు.

డాక్టరమ్మ సంతోషించారు. మందు బాగా పనిచేసినట్టుంది, ఉన్న మాత్రలే కొనసాగించండి అన్నారు. ఆదివారం సలోమిని నిలబెట్టాను. దగ్గు ఇంకా ఉంది వదినా అని పొద్దున అంది. కాగితం చూసినావు గదా, విశ్వాసంతో చెప్పు అన్నాను. చెప్పింది. మధ్యలో రెండుసార్లు దగ్గు ఆపుకుంది. తన ఒంటి మాట పక్కనపెట్టి ఆ కాగితం మాట నమ్మింది, ఎందుకంటే కాగితాన్ని తెచ్చింది నేను.

గౌరి ఊరుకోలేదు. రెండుసార్లు ఫోను చేసింది, మళ్లీ సళి తెమ్మని. ఫోను ఎత్తింది నేనే. సరే తెస్తాం మ్మా అన్నాను, రెండుసార్లూ. సలోమికి చెప్పలేదు. మొదటిది ఒక్క నిమిషంలో జరిగిన పాపం అనుకున్నా, ఈ రెండూ అలా కాదు. తీరిగ్గా కూర్చుని చేసినవి.

మూడు నెలలు గడిచాయి. సలోమి ఒక్క రోజు తప్పకుండా మాత్రలు మింగింది, ఆ మాత్రలకు లొంగని క్రిమిని లోపల పెట్టుకుని. ఒక సాయంత్రం పని ముగించుకుని వస్తూ తిరువళ్ళూరు స్టేషను ప్లాట్‌ఫారం మీద కూలిపోయింది. నోట్లోంచి రక్తం. తోటి ఆడవాళ్లు ఆటోలో అక్కడి పెద్దాస్పత్రికి చేర్చారు. నేను పోయేసరికి డాక్టర్లు సలోమి సంచిలో దొరికిన నా కాగితాన్నే పట్టుకుని ఆలోచిస్తున్నారు. మూడు నెలల కింద క్రిమి లేదంది కదా, మరి ఇది వేరే ఏదైనానా అని. నేను మంచం పక్కన నిలబడి విన్నాను. నోరు తెరవలేదు. అప్పుడైనా తెరవాల్సింది.

నేను నోరు తెరవని చోట గౌరి రిజిస్టరు తెరుచుకుంది. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి ఫోను చేసి అడిగితే, ఆమె రాసుకున్నది చదివింది: సళి కాదు, ఎచ్చిలి మాత్రమే, ఈ ఫలితాన్ని నమ్మకూడదు, మళ్లీ అడగాలి. ఆ ఒక్క మాటతో డాక్టర్లు ఆ కాగితాన్ని పక్కన పడేశారు. వెంటనే కొత్తగా కళ్లె తీశారు. రెండు గంటల్లో తేలింది. క్రిమి ఉంది, ముఖ్యమైన మందుకు లొంగని రకం. ఇంకో డబ్బా చెన్నై ల్యాబుకు పోయింది, ఏయే మందులకు లొంగుతుందో తేల్చడానికి.

ఆ యంత్రాన్ని గురించి నాకు తర్వాత గౌరే చెప్పింది. నేనే అడిగాను. చూస్తే ఏముంది, బల్ల మీద పెట్టే ఒక తెల్లటి పెట్టె, చిన్న తలుపులు, లోపలికి నెట్టే ప్లాస్టిక్ గుళిక. ఆ గుళికలోనే కళ్లెను శుభ్రం చేసి, క్రిమిని పగలగొట్టి, దాని లోపల ఉన్న రాతలో ఒక చిన్న భాగాన్ని మళ్లీ మళ్లీ నకళ్లు తీసి పెద్దది చేస్తుందట. మందునుంచి తప్పించుకోవాలంటే క్రిమి ఆ భాగంలోనే మారాలి. మారిందా లేదా అని చూస్తుంది. మా చిన్నప్పుడు కళ్లెలో క్రిమిని పెంచి, మందు వేసి చూసి, చెప్పడానికి నెలలు పట్టేదట. ఆ నెలల్లోనే మనుషులు పోయేవాళ్లు. గౌరి చెబుతుంటే నాకు దేవుడు జ్ఞాపకం వచ్చాడు. మరుగైనదేదీ ఆయన ముందు మరుగు కాదని పిల్లలకు ఎన్నిసార్లు నేర్పాను. కంటికి కనబడని క్రిమి లోపలి రాతలో మారిన ఒక్క అక్షరాన్ని మనిషి చదవగలిగేలా చేసింది ఎవరి దయ? ఆ దయ ముందుకు నేను ఒక అబద్ధాన్ని డబ్బాలో పోసి తీసుకుపోయాను.

ఇంకొకటి కూడా జ్ఞాపకం వచ్చింది. కుష్ఠు తగ్గిన మనిషి యాజకుడికి కనబరచుకోవాలన్న ధర్మాన్ని నేను పిల్లలకు ఏటా నేర్పుతాను. యాజకుడు చూస్తాడు, ఏడు రోజులు ఆగమంటాడు, మళ్లీ చూస్తాడు. ప్రభువు కూడా బాగుచేసిన వాళ్లను పోయి చూపించుకోమనే పంపాడు. పరీక్షను ఆయన ఎప్పుడూ అవమానంగా తీసుకోలేదు. పాఠం చెప్పే నేను దాన్ని వినలేదు.

ఇంట్లోవాళ్లకూ దగ్గరగా మసిలేవాళ్లకూ పరీక్ష చేయాలన్నారు. తమ్ముడికి, పిల్లకు, నాకు. నాకు ఆ మధ్య పొడిదగ్గు ఉంటే ఒక డబ్బా ఇచ్చారు. తీసుకుపోయి ఇచ్చాను. గౌరి వెలుతురుకు ఎత్తి చూసింది, నన్ను చూసింది. "ఈతూరి మీ పేరే రాసినారు గదా అక్కా" అంది. మెల్లిగానే అంది. ఔను మ్మా అన్నాను. ఆమెకు అప్పటికే తెలుసా? ఎవరికీ చెప్పలేదు, నన్ను నిలదీయలేదు, ఆ తర్వాత కూడా అక్కా అనే పిలిచింది. నేను సత్యం తెలియదని జాలిపడ్డ జనంలోని బిడ్డ ఆమె. దేవుడి దయవల్ల మాకెవరికీ క్రిమి అంటలేదు.

సలోమి కొత్త మందులు ఏడాదిన్నరకు పైగా మింగింది. ఒంటి రంగు మారింది, పాదాలు మండేవి, అన్నం వాసనకే వాంతి వచ్చేది. ఒక్క పూట మానలేదు. నెలనెలా కళ్లె ఇవ్వాలి. ఆ పెట్టె చచ్చిన క్రిమిని కూడా ఉందనే చెబుతుంది కాబట్టి, మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే క్రిమిని పెంచి చూడాల్సిందే అని గౌరి చెప్పింది. ఎలా దగ్గితే లోపలినుంచి వస్తుందో కూడా నేర్పింది. సలోమి కిటికీ దగ్గర కూర్చుని, రెండుసార్లు నిండా గాలి పీల్చి, మూడోసారి కడుపు బిగబట్టి దగ్గేది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. డబ్బా తనే తీసుకుపోయేది. కొన్ని నెలల తర్వాత ఒక నెల ఏమీ మొలవలేదు. తర్వాతి నెలా మొలవలేదు. చివరిదాకా మొలవలేదు.

ప్రాణం దక్కింది. ఎడమ ఊపిరితిత్తి పైభాగం మాత్రం దక్కలేదు. ఇప్పుడు చరణం చివరిదాకా పాడలేదు, సగంలో ఆగిపోతుంది. మూడు నెలల ముందే తెలిసి ఉంటే అది దక్కేదా? డాక్టర్లను అడగలేదు. దక్కేదంటారని భయం.

పోయిన నెల సంఘంలో ఇంకొకామెకు దగ్గు పట్టుకుంది. సలోమిని చూసుకున్నారు కదా, ఈమెను కూడా మీరే ఆస్పత్రికి తీసుకుపోండి అన్నారు అయ్యగారు. తీసుకుపోయాను. గౌరి ఇంకా అక్కడే ఉంది. డబ్బాను దగ్గు ఉన్నామె చేతులతోనే ఇప్పించి, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. రెండు గంటలు. క్రిమి ఉంది, మందులకు లొంగని రకమే. మందులు వెంటనే మొదలుపెట్టారు. ఇప్పుడు చాలామందికి ఆరు నెలల్లో ముగిసేవి వచ్చాయట. ఆమె భర్త కాగితం పట్టుకుని స్తోత్రం స్తోత్రం అంటున్నాడు. జబ్బు ఉందని తేలినందుకు స్తోత్రం చేసే మనిషిని నేను అప్పుడే చూశాను. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

పైదంతా రాసి మూడు రోజులు అట్టే పెట్టాను. తెలుగులో ఎందుకు రాశాను? నాకు తమిళం రాయడం వచ్చు. సలోమికి తెలుగు చదవడం రాదు కాబట్టి రాశానా? ఆ అనుమానం వచ్చాక ఉండలేకపోయాను. నిన్న మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయి, ఎదురుగా కూర్చుని, మొదటి మాటనుంచి చదివి వినిపించాను. ఆమె పేరు వచ్చిన చోటల్లా అసలు పేరే చదివాను.

చదవడం అయ్యేదాకా సలోమి విన్నది. తర్వాత అంది:

"సాక్ష్యం చెప్పినాక రోగం మళ్లా తిరగబెట్టిందంటే, నాకు విశ్వాసం చాల్లేదనుకుంటిని వదినా. ఇన్నేండ్లూ అదే అనుకుంటా ఉండా."

ఇది నాకు తెలియదు. నేను లెక్కపెట్టుకున్న పాపాల్లో ఇది లేనే లేదు. ఆమె ఊపిరి ఒక్కటే తీశాననుకున్నాను. ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చుని, తన విశ్వాసం చాలలేదని తలవంచుకుంది ఆమె. నేను విజ్ఞాపన చేస్తూ ఉన్నాను.

క్షమించమని అడగబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. "అందరి ముందర నాతో సాక్ష్యం చెప్పించినావు. ఇది గూడా అందరి ముందర్నే చెప్పల్ల. నువ్వు" అంది. లేచి లోపలికి పోయి, దండెం మీది బట్టలు తీసి మడత పెట్టుకోసాగింది. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను.

రాత్రి ప్రార్థనలో ఎవరి కోసమూ అడగలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాను. జవాబు రాలేదు. కానీ మాట మధ్యలో దారి మళ్లలేదు. ఏడేళ్లలో మొదటిసారి చివరిదాకా చెప్పగలిగాను.

ఈ పొద్దున అయ్యగారి ఇంటికి పోయి, ఆదివారం సాక్ష్యానికి నాకు కొంచెం సమయం కావాలన్నాను. ఆయన సంతోషపడి, దేని గురించమ్మా అన్నారు.

గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను.